బడికొచ్చేటోన్ని నేనొక్కన్నే

గట్టు మండలంలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల. స్కూల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న స్వరూప, పొద్దున్నే గద్వాల నుంచి బస్సులో వచ్చి, ఆ బడికి ఉన్న ఒకే ఒక టీచరు నిరంజన్ ఎదుట కూర్చుంది.

“అంటే, ఒక్క పిల్ల గూడ లేదా సార్?”

“లేదు మేడం. ఇద్దరుండిరి. ఆల్ల నాయిన హాస్టల్ల ఏసిండు.”

“మరి ఇందాక గంట కొట్టిన్రు?”

“టైమయింది గద.”

“ఎవరికి సార్?”

“బడికి. మీరేం అడగనీకె వచ్చిన్రో అడుగుండ్రి.”

“నాది బడికి పోనని మొండికేసే పిల్లల మీద పీహెచ్‌డీ. ఈ ప్రశ్నలన్నీ పిల్లలను అడిగేటియి. పిల్లలే లేకుంటె...”

“నన్నడుగుండ్రి.”

“మీరు టీచరు సార్.”

“రోజూ ఈ బడికొచ్చేటోన్ని నేనొక్కన్నే మేడం.”

“సరే. పొద్దున బడి యాదికొస్తె కడుపుల నొస్తదా?”

“నొస్తది. ఆదివారం నొయ్యదు.”

“బడిల దోస్తులున్నరా?”

“ఒక కుక్క వస్తుండె. మధ్యాన్నం అన్నం బందైనంక అది గూడ మానేసింది.”

“సారంటె భయమైతదా?”

“ఏ సారు?”

“మీరే.”

“ఒక్కోపారి. నిన్న బోర్డు మీద ఎక్కం రాసి, ఏడెనిమిదులెంత అని అడిగిన. ఎవరూ చెయ్యెత్తలే. జర కోపమొచ్చింది.”

“ఎవరి మీద?”

“అదే తెల్వలే మేడం.”

“కండ్లు తుడ్సుకోండ్రి సార్.”

“సుద్దముక్క దుమ్ము. రాసుకోండ్రి, మీ చదువుకు పనికొస్తది.”

“ఇది రాస్తె మా గైడు నవ్వుతడు. బడి మూసేస్తరా మరి?”

“ఒక్క పిల్ల చేరితె మూయరు. ఇల్లిల్లు తిరిగిన. ఎవ్వరూ లేని బడికి మా పిల్లను ఎట్ల తోలుతం సార్ అంటరు. వాల్లదీ తప్పు గాదు.”

“సార్, నిజంగ ఎవరూ లేరు గద? పక్క రూముల గిట్ల?”

“లేరంటిని గద. ఎందుకట్ల మల్లమల్ల అడుగుతరు?”

“ఎక్కిరిచ్చేటోల్లు, నవ్వేటోల్లు...”

“నవ్వనీకె ఎవరుండాలె మేడం. ఏమైంది, పుస్తకం మూసిన్రు?”

“మా బిడ్డ యమునకు జర నత్తి సార్. మూడో తరగతి. పిల్లలు నవ్విన్రని బడి బంద్ చేసింది. నేను చదివిందంత చెప్పి చూసిన, ఒక్కటి పని చేయలే. పిల్లలు లేని బడి ఏడున్నా చూడమ్మా, రేపే పోత అంటది.”