దర్జీ కాలికి కుట్లు

ఆపరేషన్ గది ముందు దర్జీ స్ట్రెచర్ మీద కాలు చాపుకుని పడుకున్నాడు. డాక్టరమ్మ అతని పిక్క మీది కుట్ల పక్కన వేలితో నొక్కితే చర్మం కింద చిటపటమంది.

“ఎవరు కుట్టారు దీన్ని?”

“నేనేనమ్మా. మొన్న మురుగుగుంటలో పడితే చీరుకుపోయింది. ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను, నా కాలికి ఇంకొకరెందుకని...”

“కుట్టు ముచ్చటగా ఉంది పెద్దాయనా. మట్టిలోని క్రిముల్ని కూడా లోపల పెట్టి కుట్టేశారు. గాలి తగలని చోటంటే వాటికి పండగే.”

“సూదిమందుకు చావవా?”

“చస్తాయి. కానీ అవి కక్కిన విషం ఇప్పటికే కండను చంపేస్తోంది. చచ్చిన కండలో అవి ఇంకా పెరిగి గాలిబుడగలు పుట్టిస్తాయి. ఆ చిటపట అదే. చచ్చినదంతా ఇప్పుడే కోసి తీసెయ్యాలి.”

“కాలు ఉంటుందా తల్లీ? మిషన్ తొక్కే కాలది.”

“ఉంటుంది. విషం మోకాలు దాటలేదు. రేపొచ్చుంటే ఈ మాట అనేదాన్ని కాదు.”

“తీశాక గట్టిగా కుట్టేస్తారుగా?”

“కుట్టను. గాలాడేలా తెరిచే ఉంచుతాను.”

“చిరిగింది చిరిగినట్టే వదిలేస్తారా! నా కొట్లో అలా చేస్తే తంతారమ్మా.”

“కండ ఎర్రగా, శుభ్రంగా కనిపించిన రోజున కుడతాను.”

ఆమె అతని కుట్లను ఒక్కొక్కటే, ఎక్కడా లాగకుండా, కత్తెరతో తెంచసాగింది. ఆ ఓపిక చూశాక దర్జీకి ధైర్యం వచ్చింది.

“సరే. ఆ రోజు మాత్రం నన్ను మెలకువగా ఉంచండి. కుట్టు వంకర పోతే ఊరుకోను.”