మార్కు గారి సుతిలి తాడు

1946 జూన్ 10వ తేదీన బెల్లంపల్లిలో సహాయక ఫిట్టరుగా ఉద్యోగంలో చేరిన శ్రీ మార్కు గారు, ముప్పై రెండేళ్ల నిరంతర సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శుభవేళ, మా వర్క్‌షాపు సిబ్బంది పక్షాన ఈ నాలుగు మాటలు వినమ్రంగా సమర్పిస్తున్నాను.

గనిలో పట్టాల మీద బొగ్గు మోసే టబ్బులకు ఇరుసులు బిగించడంతో మొదలైన వారి వృత్తిజీవితం మందమర్రిలో పరిణతి పొంది, 1963లో గోదావరిఖనికి చేరింది. హెడ్ ఫిట్టరుగా వారు చేపట్టిన పనిని సగంలో విడిచిన సందర్భాన్ని మేమెరుగము.

1976 వానాకాలంలో వరద నీరు పంపుహౌసు కిటికీలదాకా వచ్చి, ఆపరేటరు రాయమల్లు గారు లోపల చిక్కుకున్నారు. మార్కు గారు కొత్తగా తయారు చేసిన రెండు చక్రాల బండి మీద పడవను ఎక్కించి జీపుకు తగిలించారు. గేటు దాటగానే బండి రోడ్డంతా ఊగింది. జీపు వెనుక భాగం పైకి లేచింది. డ్రైవరు బుచ్చన్న గారు జీపు ఆపేశారు.

"ఏంది మార్కన్నా, పడవను గూడ టబ్బనుకున్నవా?"

నిజమే. ఏళ్లకేళ్లు పట్టాల మీది టబ్బులకు ఇరుసును నట్టనడుమ బిగించిన చేతులు, ఈ బండికీ అట్లే బిగించాయి. పడవ వెనుకనున్న ఇంజను బరువుకు బండి వెనుకకు ఒరిగి జీపును పైకి లేపుతుందన్నది లెక్కకు రాలేదు.

"అనుకున్న. తప్పు నాదే. ఇగ నవ్వుడు ఆపి జాకీ తే."

"గిట్లనే మెల్లగ తోల్త. ఆడ మనిషి ఉన్నడే!"

"ఉన్నడు గనుకనే. దారిల బోర్ల పడితె వానికి ఇంకెవలు దిక్కు?"

ఇరుసును వెనుకకు జరిపించి, కొంత బరువు జీపు కొక్కెం మీద పడేలా చేశారు. పిదప కొక్కెం నుండి ఇరుసు రెండు కొసలకూ సుతిలి తాడు పట్టి చూస్తే, ఎడమవైపు రెండు వేళ్లు ఎక్కువ వచ్చింది. "బిడ్డా, నీ కొస గట్టిగ పట్టు" అని నాతో అంటూ, ఆ తేడా పోయేదాకా బోల్టులు బిగించలేదు. రెండు చక్రాల నడుమ ఎడం ముందూ వెనుకా సమానమయ్యాకే లేచారు. సతీమణి సాయమ్మ గారు పంపిన అన్నం డబ్బా మూత తీయనే లేదు.

ఈసారి బండి ఊగలేదు. పొద్దుగూకక ముందే రాయమల్లు గారు ఒడ్డెక్కారు.

"ఇంతసేపు ఏం జేసిన్రే?" అని అడిగారాయన.

"టబ్బును పడవ బండి జేసినం" అన్నారు మార్కు గారు.

నాటినుండి ఏటా మృగశిర కార్తెనాడు ఆ బండిని బయటికి తీసి కొలవడం మా ఆనవాయితీ. ఈ ఏడు కొలత ముగిశాక సుతిలిని మా చేతికిచ్చి, "నేను లేనని కొలుసుడు మానకుండ్రి" అన్నారు.

మానము. అయితే ఆ తాడుకు రెండు కొసలున్నాయి. మార్కు గారు సాయమ్మ గారితో సుఖసంతోషాలతో నిండు నూరేళ్లు జీవించాలని, ప్రతి మృగశిరకూ ఆరోగ్యంగా నడిచి వచ్చి మా ఎదుట రెండో కొస పట్టాలని మనసారా కోరుకుంటున్నాము.