మూడో పిలుపు

మిరపచేలకు పోయే డొంకలో, మలుపు తిరగ్గానే ఎడంపక్క చింతచెట్టు, దాని కింద దిగుడుబావి ఉన్నయి, చూశారా? చూడలేదంటే మంచిదే. గొడ్లు కూడా అటు మూతి పెట్టవు. కాస్త ముందుకి జరిగి కూచోండి, నా గొంతు ఇదివరకటి మాదిరి లేదు.

ఆ బావిలో ఉన్నది మన అయినోళ్ళ గొంతుతోనే పిలిచిద్దని చెప్పేవాళ్ళు. మీ అమ్మ గొంతు, మీ అక్క గొంతు. అయితే దానికి రెండుసార్లే పిలిచే శక్తి ఉందంట, మూడోసారి పిలవలేదంట. అందుకని పొద్దుగూకినాక ఎవరు పిలిచినా ఈ ఊళ్ళో మూడో పిలుపుదాకా పలికేవాళ్ళు కాదు. నవ్వుతారేం? మీ అమ్మలు ఇప్పటికీ పలకరు, ఇంటికి పోయి పిలిచి చూడండి.

అట్టాంటి ఊరికి కాపరానికొచ్చింది ఆదెమ్మ. మనిషి మంచిదే, నోరే ఊరుకోదు. ఎవరేం చెప్పినా నీకెట్టా తెలుసు అనేది. వాన వచ్చిద్దంటే నీకెట్టా తెలుసు, పిల్లది మేనమామ పోలికంటే నీకెట్టా తెలుసు. అత్తకి ఒళ్ళు మండేది. ఒకనాడు తాయెత్తులు కట్టే చెంచయ్య అరుగు మీద కూచుని, రెండో పిలుపుకి పలికినోళ్ళు ముగ్గురు చచ్చారు, పలకనోళ్ళు బతికి బట్టకట్టారు అని చెప్తన్నాడు. ఆదెమ్మ నెత్తిన బిందె దించకుండానే అడిగిందీ, మావయ్యా, పలికినోళ్ళు చచ్చారు గదా, మరి రెండుసార్లు పిలిచిందని నీకొచ్చి చెప్పిందెవరు? పలకనోళ్ళు బతికారు సరే, పిలిచింది దెయ్యమో మేకలు కాసేవాడో వెళ్ళి చూడకుండా వాళ్ళకెట్టా తెలుసు? మా తాత చెప్పాడన్నాడు చెంచయ్య. మీ తాతకెట్టా తెలుసు అంది. ఆయన కండవా దులుపుకుని లేచిపోయాడు, ఆ రోజు నుంచీ ఆదెమ్మకి తలబిరుసని పేరు పడింది. ఏం, అడిగితే తలబిరుసా? పెద్దోళ్ళ మాట నమ్మొద్దా అంటారు. నమ్మండి, ఎవరొద్దన్నారు, అడిగి నమ్మండి.

ఇక ఆ ఏడు మిరపకోతలొచ్చినయి. పదిమందిమి ఆడోళ్ళం, చీరల మీద మగోళ్ళ చొక్కాలు తొడుక్కుని, కాయలు కోసి వేసుకోడానికి నడుముకి ఒడిగుడ్డలు కట్టుకుని పోయేవాళ్ళం. నాకప్పుడు పదహారేళ్ళు. ఆదెమ్మ తోడికోడలు పేరమ్మ బాలెంతరాలు, నాలుగు నెలల పిల్లని అత్తకాడ ఒదిలి వచ్చేది. ఆ ఇంట్లో ఆదెమ్మని మనిషిగా చూసింది ఆ పేరమ్మొక్కతే. పొద్దుగూకి తిరిగొస్తా ఉంటే పేరమ్మ సద్దిగిన్నె మర్చిపోయానని చేనుకి వెనక్కి పోయింది, మేం మలుపుకి ఇవతల గట్టు మీద కూచున్నాం. కూచున్నాం, కూచున్నాం, మనిషి రాదు. అంతలో బావి వైపు నుంచి అక్కా అని వినపడింది. పేరమ్మ గొంతే. మళ్ళీ ఒకసారి అక్కా. అంతే, ఆగిపోయింది.

మేమందరం మూడోదాని కోసం చూస్తన్నాం, రాలా. రెండుతో ఆగింది, అదే, ముమ్మాటికీ అదే అన్నారు ఆడోళ్ళు. ఆదెమ్మ లేచింది. లేస్తే చేతులు పట్టుకుని లాగాం. లాగినోళ్ళలో నేనూ ఉన్నా, దాచుకునేదేముంది, ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోతా. ఆదెమ్మకి భయం లేదనుకున్నారా? ఒక అడుగు బావి వైపు వేసి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. అయినా అందీ, అది పేరమ్మో కాదో నాకు తెలీదు, దెయ్యమని మీకూ తెలీదు. మూడోసారి పిలవడానికి ఊపిరి చాలక ఆగిందేమో. దెయ్యమైతే నేనొక్కదాన్నే పోతా. పేరమ్మైతే మాత్రం ఇక్కడ కూచుని వేళ్ళు లెక్కెట్టుకుంటా మనమే దాన్ని చంపినట్టు, రేపు ఆ పిల్లకి పాలెవరిస్తారు, మీ చెంచయ్య ఇస్తాడా? అని చెయ్యి విదిలించుకుని, మా నడుముల ఒడిగుడ్డలన్నీ పీక్కుని, ఒకదానికొకటి ముడేసుకుంటా పోయింది. పోతా పోతా వెనక్కి తిరిగి, నేను ఒక్కసారే పిలుస్తా, లెక్కెట్టకుండా రండి అంది.

బావిలో అప్పటికే చీకటి. ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటా దిగిందంట, ప్రతి మెట్టు కాడా వెనక్కి పోదామనిపించిందంట, తర్వాత తనే చెప్పింది. అడుగున పేరమ్మ గొంతుదాకా నీళ్ళల్లో, చింతవేరు పట్టుకుని, కళ్ళు తేలేసి ఉంది. దెయ్యమా, మనిషా? అప్పుడు కూడా తెలీదంట! తెలీకుండానే జుట్టు పట్టుకుంది. పట్టుకుని, ముడేసిన గుడ్డలు దాని చంకల కింద చుట్టి, రండే అని ఒక్కసారే అరిచింది. ముందు పరిగెత్తింది నేనే. ఎట్టా పరిగెత్తానో, పాచిపట్టిన మెట్టు మీద జారి మోకాలు పగలగొట్టుకుని, లేచి, గుడ్డ అందుకున్నా, నా వెనకే మిగతావాళ్ళు వచ్చారు, అందరం కలిసి లాగాం. మిరపకారం పట్టిన గుడ్డలు, చేతులు భగభగ మండినయి. అయినా ఒదల్లా.

గట్టు మీద పడుకోబెట్టి నీళ్ళు కక్కించి, ఎందుకు పోయావే అటు అని ఆదెమ్మ తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. అప్పుడు పేరమ్మ ఏమందో తెలుసా? నువ్వు పిలిచావు గదక్కా అంది. రెండుసార్లకి పలకలేదు, డొంకలో నిలబడి లెక్కెట్టుకున్నా, మూడోసారి కూడా పిలిచావు, అయితే నువ్వేననుకుని వచ్చా అంది. ఆదెమ్మ ఒక్కసారి కూడా పిలవలా. మేం పక్కనే ఉన్నాం గదా, ఎవరం పిలవలా.

మర్నాడు చెంచయ్య, అయితే ఇకనుంచి నాలుగో పిలుపుదాకా ఆగండి అని ఊరందరికీ చెప్పాడు. ఆదెమ్మ పేరమ్మ కూతుర్ని చంకనేసుకుని పోయి, నాలుగు లెక్కెట్టడం ఆ బావిలోదానికి రాదని నీకెట్టా తెలుసు మావయ్యా అంది. మరి పేరమ్మని పిలిచిందెవరు, దెయ్యం ఉందని ఇప్పుడన్నా ఒప్పుకుంటావా అన్నాడాయన. తెలీదు అంది. తెలీదని చెప్పడానికి నాకేం సిగ్గులేదు, నువ్వు నీకు తెలీకపోయినా తెలుసని చెప్పి మా పేరమ్మని చంపబోయావు అంది. ఊరందరి ముందరే అంది. ఆయన మళ్ళీ కండవా దులుపుకున్నాడు గానీ, ఈసారి లేవడానికి కాళ్ళు రాలా.

అదీ సంగతి. లేవండిక, మీ అమ్మలు పిలుస్తన్నారు, మొదటి పిలుపుకే పలకండి. అటునుంచి ఎవరన్నా పిలిస్తే లెక్కెట్టబాకండి, మోకు తీసుకుని నలుగురూ కలిసి పోండి. ఊరికే మాత్రం ఆ బావి కాడికి పోబాకండి. దెయ్యం ఉందో లేదో నాకు తెలీదు. ఆ మెట్ల పాచి సంగతి మాత్రం నా మోకాలికి బాగా తెలుసు.