నల్లాకు మందారం

"అమ్మమ్మా, ఈ మొక్కేంటి, ఆకులిలా నల్లగా ఉన్నాయి? మాడిపోయిందా?"

మాడిపోవడమేంటే! దాని రంగే అంత. మందారంలో అదొక రకంలే. చలికాలం పొద్దున్నే పువ్వు విచ్చుకుని, మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. మీ తాతగారు తెచ్చారు. గూడెం సంతలో... కాదు కాదు, స్టేషన్ బయట మొక్కల బండి మీద. పది రూపాయలట. "ఆ పదికి వారం కూరలొచ్చేవి కదండీ" అని సణిగాను కూడానూ. ఆకు అచ్చం గోంగూరలా ఉంటుందా, మా ఆడపడుచు ఓసారి వచ్చి కోసి పప్పులో వేసేసింది! పుల్లగా బానే ఉందనుకో.

అప్పుడు మేం కొల్లేరు పక్కన ఉండేవాళ్లం. ఆయనకి చేపల చెరువుల మీద పని. మొక్క పెట్టిన రెండో ఏడే ఆయన పోయారు. ఇంక అదంటే నాకు... ఏం చెప్పను, రోజూ దాంతో మాట్లాడేదాన్ని. పక్కింట్లో కమలమ్మ టీచరుగారని ఉండేవారు. "వదినగారూ, ఒక్క కొమ్మ ఇవ్వరూ" అని అడిగారు. "ఆయన చేత్తో పెట్టిందండీ, కత్తి తగలనివ్వను" అనేశాను. పాపం, మొహం చిన్నబోయింది ఆవిడకి. ఆ తర్వాత మాటలే తగ్గిపోయాయి.

ఆ ఏడే కొల్లేరు పొంగింది. నేనూ మీ అమ్మా బళ్లో తలదాచుకున్నాం. తొమ్మిది రోజులు, కాదు, పది, వాకిట్లో నీళ్లు తగ్గలేదు. తిరిగొచ్చేసరికి మొక్క వేరు కుళ్లి పడిపోయుంది. బియ్యం తడిసిపోతే ఏడవలేదే, దాని దగ్గర కూలబడి ఏడ్చాను.

అప్పుడొచ్చారు కమలమ్మగారు, పాత పెయింటు డబ్బా పట్టుకుని. అందులో జానెడు మొక్క, నాలుగు నల్లాకులు.

"తిట్టకండి వదినగారూ. మీరు ద్వారకా తిరుమల వెళ్లిన రోజు గోడ మీంచి కొమ్మ విరిచాను. మీకు కనబడకుండా మా డాబా మీద పెంచాను."

తల దించుకుని చెప్పారు, చూడూ. ఆవిడ చేతులు పట్టుకుని, "తప్పు నాదండీ" అన్నాను. ఆ బురదలోనే నిలబడి ఇద్దరం ఏడ్చాం, నవ్వాం.

"మరి మీకో?" అంటే, "పెరిగాక ఓ కొమ్మ ఇద్దురుగాని" అన్నారు.

ఇచ్చాననుకో. ఏలూరొచ్చేటప్పుడు దీన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చా. ఇప్పటికీ ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేస్తారావిడ. ముందు మొక్కనడిగి, ఆ తర్వాతే నా మోకాళ్లు.

నువ్వు కొత్తింట్లోకి వెళ్తున్నావు కదా తల్లీ. నీ గోడ అవతల కూడా అలాంటి మనిషే ఉండాలి. చల్లగా ఉండమ్మా.