కంచరివాడలో చివరి కంచరి

కంచరివాడ పెద్దలారా, ఊళ్ళ నుంచి నడిచి వచ్చిన అవ్వలారా, అన్నలారా,

ఈ రెండేండ్లలో జనగామలో ఎన్ని సంతాప సభలు పెట్టుకున్నాం? నాకు గుర్తు తప్పింది. మాట్లాడీ మాట్లాడీ గొంతు అలిసిపోయింది. అయినా, మొన్న మంగళవారం కన్నుమూసిన తాళాల రాజలింగం గురించి నాలుగు మాటలు చెప్పకుండా ఇంటికి పోలేను. ముప్పై ఏండ్లు ఆయన పక్క కొట్లో కూర్చుని వెండి పరీక్షించినవాణ్ణి.

ఈ వాడ ఒకప్పుడు ఎట్లా ఉండేది? తెల్లవారితే బిందెలు సాగగొట్టే చప్పుడు. తరువాత రైలు వచ్చింది. రైలు వెంట సాహుకార్లు వచ్చారు. కొలుములు ఆరిన ఇండ్లలో వాళ్ళ వడ్డీ వ్యాపారపు గద్దెలు వెలిశాయి. కురవి వడ్లకైనా, గార్ల మిరపకైనా ధర ఇక్కడే పలికింది, అప్పు ఇక్కడే పుట్టింది. కంచరులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. రాజలింగం మాత్రం బిందెలు మాని, ఆ సాహుకార్ల ఇనుప పెట్టెలకు తాళాలు చేస్తూ ఉండిపోయాడు. "బిందె చేస్తే ఇంటిల్లిపాది వాడుకుంటరు, తాళం చేస్తే ఒక్కడే వాడుకుంటడు" అని తన పనిని తానే ఎత్తిపొడుచుకునేవాడు.

మన వాడ ఆచారం మీకు తెలియనిది కాదు. కుదువ పెట్టిన సొమ్మును గుడ్డలో కట్టి, పెట్టిన మనిషే ముడి వేయాలి. సాహుకారు దాన్ని విప్పకూడదు. చదువు రాని అవ్వకు ఆ ముడే సంతకం. నిరుడు మోతీలాల్ సాహుకారు పెట్టెకు రాజలింగం చేసిన తాళం వేసి, తాళంచెవి వెంట పెట్టుకుని పట్నం పారిపోయాడు. దొరల మీద, సాహుకార్ల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళు ఆయన కాగితాలన్నీ తగలబెట్టారు. మనమందరం సంతోషించాం. అప్పు పత్రాలతో పాటు కుదువ రసీదులూ కాలిపోయాయని మర్నాడు గాని మనకు తట్టలేదు. నలభై మంది ఆడవాళ్ళ కడియాలు పెట్టెలో ఉన్నాయి. సాక్ష్యంగా మిగిలినవి లోపలి మూటల ముడులే.

ఆ ఎండాకాలం రజాకార్లు వచ్చి పెట్టె తెరవమన్నారు. ఆ తాళాన్ని చేసినవాడే కోయగలడు. రాజలింగం కోయలేదు. కుడిచేతి వేళ్ళు రెండు విరగ్గొట్టి పోయారు. నేను కట్టు కడుతుంటే, "జర మెల్లగ అన్నా, ఇది వెండి కాదు, రుద్ది చూడనీకి" అన్నాడు.

ఇది మీరు మెచ్చుకునే సంగతి. మెచ్చుకోలేని సంగతి కూడా చెప్పాలి.

వానకాలంలో కొమురవ్వ వచ్చింది. భర్త పోశాలు జ్వరంతో దవాఖానలో ఉన్నాడు. "నా కడియాలు నాకియ్యి నాయినా, అమ్ముకుంట" అన్నది. ఒకసారి కోస్తే ఆ తాళం మళ్ళీ పడదు. రజాకార్లు ఇంకా బజారులోనే తిరుగుతున్నారు. తక్కిన ముప్పైతొమ్మిది మూటలు ఏం కావాలి? "మూడు దినాలు ఆగవ్వా, నా మేకలమ్మి పైసలు తెస్త" అన్నాడు రాజలింగం. రెండో దినమే పోశాలు పోయాడు. "తాళానికి కావలి ఉన్నవు, పానానికి లేకపోతివి" అని కొమురవ్వ ఈ కొట్టు అరుగు ముందే నిలబడి అన్నది. ఆ తరువాత ఎవరు పొగడబోయినా రాజలింగం లేచి లోపలికి పోయేవాడు.

రజాకార్లు పోయాక ఊరూరికీ కబురు పంపాడు. అందరూ వచ్చాకే చెయ్యి వేశాడు. వంకర వేళ్ళతో ఆ తాళం కోయడానికి రెండు పగళ్ళు పట్టింది. ప్రతి మనిషీ తన ముడిని చూడగానే గుర్తు పట్టింది. ఒక్క తగవు రాలేదు. కొమురవ్వ తన మూట తీసుకుంది. ముడి విప్పలేదు.

ఆయన చేసింది సరైనదేనా? వెండికైతే నా దగ్గర గీటురాయి ఉంది. దీనికి లేదు. ముప్పైతొమ్మిది ఇండ్లు ఆయనను దీవిస్తున్నాయి. ఒక ఇంట్లో మనిషి లేడు. రెండూ నిజమే, రెంటినీ నేను మోయవలసిందే.

అన్నలారా, అవ్వలారా, ఇక లేచి నిలబడదాం. రాజలింగం కోసం, పోశాలు కోసం కూడా, రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. కొమురవ్వ ఆ చివర కూర్చుని ఉంది. ఆమె లేవకపోతే, ఎవరూ లేవమనకండి.