యంత్రాలకు సెలవులిచ్చిన ముహూర్తంగారు

పంతొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం జూన్ నెల మూడవ తేదీ, సోమవారం పూర్వాహ్నం, మా జనన మరణ నమోదు కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా విధుల్లో చేరిన మా సూపరింటెండెంటుగారు, ముప్పై నాలుగు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మొదటిరోజే అరగంట ముందు వచ్చి మెట్ల మీద కూర్చున్నందుకు, తాళం తీసే అటెండరు తాను విరమణ చేసేవరకూ ఆయనను క్షమించలేదని వినికిడి. ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గంవారు నన్ను ప్రశంసలు మాత్రమే వ్రాయమని, ఫిర్యాదులు వద్దని కోరారు. ముప్పై ఏళ్లుగా ఆయన ఎదుటి బల్ల దగ్గర, రెండవ కౌంటరులో కూర్చున్న మనిషికి ఇది చిన్న పరీక్షేమీ కాదు.

ఆ రోజుల్లో మా ఊళ్లో జననాలన్నీ చేతిరాతతోనే జరిగేవి. మరణాలూ అంతే. వేలాది పేర్లను ఒక్క కొట్టివేత లేకుండా లిఖించిన ఘనత వారిది. చదవనిదే సంతకం పెట్టకపోవడం వారి వ్రతం. "చదవకుండా సంతకం పెట్టడమంటే కళ్లు మూసుకుని బావిలో దూకడమేనమ్మా" అని నేను చేరిన మొదటి వారంలోనే సెలవిచ్చారు. నా తొలి పత్రాన్ని మూడుసార్లు వెనక్కి పంపి మరీ ఆ నీతిని నాకు బోధపరిచారు.

రెండువేల నాలుగులో కార్యాలయానికి ఆరు కంప్యూటర్లు విచ్చేశాయి. వచ్చిన ఏడాదిలోపే, కౌంటర్ల ముందు జనం కిటకిటలాడుతున్న ఒక ఉదయం, మూడవ నంబరు యంత్రం ఎవరినీ అడగకుండా అప్‌డేట్ మొదలుపెట్టి, ఆపవద్దని తెరమీద హెచ్చరించి, ముప్పై శాతం దగ్గర భీష్మించుకు కూర్చుంది. కిటికీ బయట నిలబడ్డ తండ్రి ఒకాయన, "మా పాప కాగితం ఏమైందండీ?" అని అడిగారు. మా మూడో కౌంటరు గుమాస్తా తెర చూసి, "ముప్పై శాతం పుట్టిందండీ, కాసేపు కూర్చోండి" అన్నాడు. ఆ తండ్రికి సూపరింటెండెంటుగారే స్వయంగా క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

ఆ సాయంత్రమే వారు ఒక రిజిస్టరు తెరిచారు. నాటినుంచి ఏ యంత్రమైనా అప్‌డేట్ కావాలంటే సెలవుచీటీ పెట్టుకోవలసిందే. "రెండవ నంబరు యంత్రము వ్రాసుకొను విన్నపము" అని మేము వ్రాయాలి, శుక్రవారం సాయంత్రం వారు మంజూరు చేయాలి. ఒక్కొక్క యంత్రానికి వారంలో ఒక్కొక్క రోజు, అదీ నాలుగు గంటలకు కౌంటర్లు మూసిన తరువాత. కొత్త యంత్రాలు వచ్చాక, వాటిలోనే పనివేళలు నిర్ణయించే వీలుందని కనుగొని, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు అవి తమంతట తాము ఆగి మళ్లీ మొదలు కాకుండా కట్టడి చేశారు. అలాగని దేన్నీ వారం మించి ఆపలేదు. "వద్దనడం కాదమ్మా, వేళ చూడటం" అనేవారు. అందువల్లనే ఆయనకు ముహూర్తంగారని పేరు వచ్చింది. పేరు పెట్టింది నేనే. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

ఒక ఏడాది సిబ్బంది విభాగంవారు మా రిజిస్టరు తెప్పించుకుని, "అయిదవ నంబరు అను ఉద్యోగి పరిమితికి మించి సెలవులు వాడుకొన్నందున సంజాయిషీ ఇవ్వవలెను" అని మెమో పంపారు. ఆ నంబరు ఒక యంత్రమని తెలియజేస్తే పోయేది. వారు అలా చేయక, "సదరు అయిదవ నంబరు ఇకమీదట జాగ్రత్తగా మెలగగలదు" అని జవాబు వ్రాసి, యంత్రం ఎదుట నిలబడి మెమో చదివి వినిపించారు. ఆ తరువాత అది నిజంగానే బాగా పనిచేసింది.

మా అక్క కొత్త ఇంటికి సామాను సర్దడానికి నేను ఒక మంగళవారం సెలవడిగితే మాత్రం, "ఆ రోజు రెండో నంబరుకి ఇచ్చేశానమ్మా. ఇద్దరూ సెలవు పెడితే సాయంత్రం దాని పక్కన కాపలా ఎవరు?" అన్నారు. "ఆ డబ్బాకున్న విలువ నాకు లేదా సార్?" అన్నాను. "అది వారం ముందే అడిగింది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ కొంచెం మండుతూనే ఉంది.

ఇక ఈ నెల తొమ్మిదవ తేదీ సంగతి. బడులు తెరిచే రోజులు కావడంతో అరవై మంది వరుసలో ఉన్నారు. నా తెరమీద అప్‌డేట్ పెట్టె ప్రత్యక్షమైంది. దాని మీద మీట నొక్కే అధికారం వారిదే కనుక పిలిచాను. వారు ఎప్పటిలాగే ఠీవిగా వచ్చి, ఎప్పటిలాగే కుడివైపు మీట నొక్కారు. తెర నల్లబడింది.

"అదేంటమ్మా, తర్వాత అన్నాను కదా."

"మీరు ఇప్పుడే అన్నారు సార్. పోయిన అప్‌డేట్‌లో మీటలు అటూ ఇటూ అయ్యాయి. చదవలేదా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు అనుమానం వచ్చి, గోడ గడియారంలో టైమెంతయిందో చెప్పమన్నాను. వరుస ఎంత దూరం ఉందో చూసి, "పదకొండు" అన్నారు. పన్నెండుకు ఇంకా పది నిమిషాలుంది. ఎన్నాళ్లుగానో ఆయన అక్షరాలు చూసి కాదు, అలవాటుకొద్దీ నొక్కుతున్నారని అప్పుడు తెలిసింది. తెర తిరిగి వెలగడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆయన వరుస ముందుకు వెళ్లి తప్పు తనదేనని చెప్పి, రిజిస్టరులో "అనుమతి లేని సెలవు, బాధ్యుడు నేనే" అని వ్రాశారు. ఆ అక్షరాలు గీత దాటి పోయాయి.

ఆ సాయంత్రం వదినగారికి, అంటే సార్ గారి శ్రీమతికి, ఫోన్ చేశాను. "నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నానమ్మా. శుక్లాలు బాగా ముదిరాయట. ఇంకా ఆలస్యం చేస్తే కుడి కంటి చూపు దక్కుతుందని చెప్పలేనన్నారు డాక్టరు గారు. ఎప్పుడు అడిగినా 'తర్వాత' అంటారు. రిటైరయ్యాక పెన్షన్ కాగితాలంటారు, నాకు తెలీదా?" అన్నారు. మేమిద్దరం కలిసి ఒక కుట్ర పన్నాము.

శుక్రవారం ఆరు విన్నపాల కింద ఏడవదొకటి పెట్టాను. ముప్పై నాలుగేళ్ల వ్రతానికి భంగం కలిగిస్తూ, ఆయన ఏడింటి మీదా చదవకుండానే సంతకం చేశారు. అప్పుడు ఏడవదాన్ని గట్టిగా చదివాను: "సూపరింటెండెంటుగారి కుడి కన్ను వ్రాసుకొను విన్నపము. జూలై ఒకటవ తేదీ ఉదయం తొమ్మిది గంటలకు ఆసుపత్రిలో అప్‌డేట్ నిమిత్తం సెలవు ఇప్పించ ప్రార్థన."

"ఒకటో తారీఖుకి నేను రిటైరైపోతానమ్మా. నాకు సెలవేంటి?"

"సెలవు మీకు కాదు సార్, కంటికి."

ఆయన ఏడవ చీటీని వేలితో పక్కకు జరిపారు. "భయమమ్మా" అన్నారు చివరికి. "ఒక్కోసారి అప్‌డేట్ అయ్యాక తెర మళ్లీ వెలగదు కదా."

"ఇరవై ఏళ్లలో మీరు వేళ చూసి పంపింది ఒక్కటైనా తిరిగి రాకుండా ఉందా సార్?"

"లేదు" అన్నారు. "సంతకం కూడా పెట్టేశాను కదా. ఇంక తప్పదు." ఈ సంగతంతా సంచికలో వ్రాయనా అని అడిగితే, "రాయమ్మా. రిజిస్టరులో ఎలాగూ ఉంది" అన్నారు.

వారికి ఆయురారోగ్యాలు సమృద్ధిగా కలగాలని, వదినగారితో కలిసి నూరేళ్లు చల్లగా ఉండాలని, ఇకపై 'తర్వాత' అనే మాట వైద్యం విషయంలో నోట రాకూడదని కార్యాలయ సిబ్బంది తరఫున మనసారా కోరుకుంటున్నాను. సెలవుల రిజిస్టరులో 'తిరిగి విధుల్లో చేరిన తేదీ' అనే గడి ఒకటుంది. ఆరు యంత్రాల గడులూ ఎప్పటికప్పుడు నింపుతున్నాము. ఏడవది ఖాళీగా ఉంచాము. సార్, ఎవరు చెప్పినా మేము దాన్ని నింపము. మీరే వచ్చి, పైన వ్రాసిందంతా మీ కంటితో చదివి, నా తప్పులు దిద్ది, అప్పుడు తేదీ వేయాలి.