క్వింబీ ఫోర్ కనిపించిన రెండు నిమిషాలు

సభాధ్యక్షులు రెవరెండ్ టాలివర్ గారికి, ముందు వరుసలోని సంఘం పెద్దలకు, పొద్దుటినుంచి వెనక వంటింట్లో కోడిముక్కలు వేయిస్తూ మనందరినీ ఊరిస్తున్న అక్కచెల్లెళ్లకు, టీవీ స్టేషన్ టేపుల గదిలో ముప్ఫై తొమ్మిదేళ్ల ఉద్యోగం నిన్నటితో ముగించుకొని వచ్చిన మన మిస్ వర్లీన్ హుడ్‌కు, ఈ ఓడెల్ పెట్‌వే నమస్కారాలు. నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్ఫై రెండేళ్లు సుపీరియర్ అవెన్యూ మీద సిటీ బస్సు నడిపినవాడు కదా, వేళకు ముగిస్తాడని అనుకొని ఉంటారు. నా బస్సెక్కినవాళ్లు కొందరు ఇక్కడే ఉన్నారు, ఒకసారి వాళ్లను అడగాల్సింది. (నవ్వులు)

బస్సు కంటే ముందు నేను పాటగాణ్ణి. ఈ సంగతి కుర్రవాళ్లకు తెలియదు. క్వింబీ వీధిలో పుట్టిపెరిగిన నలుగురం కలిసి ‘క్వింబీ ఫోర్’ అని పేరు పెట్టుకున్నాం. అదిగో, ఆ మూల రెండు కుర్చీలు ఆక్రమించుకొని కూర్చున్న హోబర్ట్ గెయిన్స్ మా మంద్రస్వరం. (నవ్వులు) వాలెస్ పోయి చాలాకాలమైంది. ముందు నిలబడి పాడేవాడు నా తమ్ముడు లూషియస్. వాడు నోరు తెరిస్తే చర్చిలో విసనకర్రలు ఆగిపోయేవి.

1967 అక్టోబరులో ఒక శనివారం మమ్మల్ని టీవీలో చూపించారు. మా అమ్మ కుట్టిన నిమ్మపండు రంగు కోట్లు వేసుకొని వెళ్లాం. నలుపు తెలుపు టీవీలో అవి బూడిద రంగులో కనబడతాయని అక్కడికి వెళ్లాక తెలిసింది. మా రికార్డే మోగుతుంటే పెదవులు కదుపుతూ అడుగులు వేశాం. మూడో చరణంలో నలుగురం ఒకేసారి ఎడమకు తిరగాలి. అక్కడ నేనూ లూషియసూ ఢీకొన్నాం. వాడు వెంటనే నా భుజం పట్టుకొని, నవ్వి, అదీ నాట్యంలో భాగమే అన్నట్టు నన్ను ఒక చుట్టు తిప్పేశాడు. బయటికి రాగానే నడవాలో అందరిముందూ వాణ్ణి కడిగేశాను. పరువు తీశావన్నాను. 

“సరేలే అన్నా, తప్పు నాదే. పద, అమ్మ చూస్తూ ఉంటుంది” అన్నాడు.

నెల తిరక్కుండా మళ్లీ పిలుపు వచ్చింది. వీడు అడుగులు నేర్చుకునేదాకా టీవీ గడప తొక్కేది లేదని నేనే చెప్పేశాను. నేను పెద్దవాణ్ణి, నా మాటే చెల్లింది. మూడో పిలుపు రాలేదు. లూషియస్‌కు పుట్టుకతో ఉన్న రక్తపు జబ్బు ముదిరి, 1971 ఫిబ్రవరిలో పోయాడు. వాడికి ఇరవై మూడేళ్లు. కూతురు రెనీటాకు ఆరు నెలలు.

మంచినీళ్లు ఇవ్వమ్మా.

ఎనిమిదేళ్ల కిందట రెనీటా నన్ను ఒక మాట అడిగింది. “పెదనాన్నా, నాన్న ఎలా నడిచేవాడు? ఫొటోలన్నిటిలోనూ నిలబడే ఉన్నాడు.” ఆ మాట పట్టుకొని, మేం కనిపించిన టేపు కోసం స్టేషన్‌కు వెళ్లాను. టేపుల గదిలో మిస్ వర్లీన్ ఉంది. రెండు రోజులాగి రమ్మంది. వెళ్లాను. కుర్చీ చూపించి, ఎదురుగా కూర్చొని చెప్పింది.

“మిస్టర్ పెట్‌వే, ఆ టేపు లేదు. కొత్త కార్యక్రమం ఎక్కించడానికి 1970లో చెరిపేశారు. చెరిపింది నేనే. రిజిస్టర్‌లో నా సంతకం ఉంది.”

ఎక్కడో పోయిందంటే నేను నమ్మి ఇంటికి పోయేవాణ్ణి. నిజం చెప్పింది, నేను లేచి వచ్చేశాను. వారం తిరిగేసరికి ఆవిడ నా బస్సెక్కింది. నా వెనక సీట్లో కూర్చొని, అప్పట్లో కొన్ని కార్యక్రమాలకు ఫిల్ము మీద ప్రతులు తీసి చిన్న ఊళ్ల స్టేషన్లకు పంపేవారనీ, వాటిని వెతుకుతున్నాననీ చెప్పి దిగిపోయింది. నెలకోసారి ఇదే తంతు. ఎరీలో లేదు, టొలీడోలో లేదు. రెండేళ్లు నేను మారు పలకలేదు. చివరికి ప్రయాణికులే ఆవిణ్ణి అడగడం మొదలుపెట్టారు, ఈ నెల ఏ ఊరమ్మా అని. (నవ్వులు) సెలవులన్నీ వాడుకొని, ఆ స్టేషన్ల పాత ఇంజనీర్ల ఇళ్లలో నేలమాళిగలు గాలించిందని వాళ్లతో చెబుతుంటే విన్నాను. మూడో ఏట నోరు తెరిచి, ఆ మెట్లన్నీ ఎక్కి దిగిన ఆవిడ మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాను.

నిరుడు యంగ్స్‌టౌన్‌లో ఒకాయన ఇంట్లో దొరికింది. పాటలో రెండు నిమిషాలే మిగిలింది. స్టేషన్‌లో చిన్న గదిలో కూర్చొని చూశాం, వర్లీన్, రెనీటా, హోబర్ట్, నేను. లూషియస్ నడిచి వచ్చాడు. చిన్నప్పటినుంచీ కుడిభుజం కాస్త ముందుకు వేసి నడిచేవాడు, అది నేను మరిచేపోయాను. రెనీటా లేచి తెరకు దగ్గరగా వెళ్లి నిలబడింది. మూడో చరణం వచ్చింది. వాలెస్ ఎడమకు తిరిగాడు, హోబర్ట్ ఎడమకు తిరిగాడు, లూషియస్ ఎడమకు తిరిగాడు. నేను కుడికి తిరిగాను.

హోబర్ట్ నావైపు చూసి తల దించుకున్నాడు. వాడికి మొదటినుంచీ తెలుసట. చెప్పొద్దని లూషియస్ మాట తీసుకున్నాడట.

ఆనాటినుంచీ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. వాడు నా భుజం పట్టుకున్న చోట ఆపి చూస్తాను. నా మొహంలో చిరాకు కనబడుతుంది, వాడి మొహంలో మాత్రం అన్నతో కలిసి పాడుతున్న సంతోషమే. ఒక్క సాయంత్రం వాడు తిరిగొస్తే చాలనిపిస్తుంది. పాడనక్కర్లేదు, పక్కన కూర్చుంటే చాలు.

మిస్ వర్లీన్, చేసిన పనిని నువ్వు నా మొహం మీదే చెప్పావు. నాకు ఆ ధైర్యం రావడానికి ఏడాది పట్టింది. రెనీటా, ఇటు చూడమ్మా. ఆరోజు తప్పు తిరిగింది మీ నాన్న కాదు, నేను. మీ నాన్నకు మళ్లీ టీవీలో పాడే రోజు రాకుండా చేసిందీ నేనే. ఈ మాట వాడికి చెప్పుకోవాల్సింది. వాడు లేడు కాబట్టి నీకు చెబుతున్నాను, ఇంతమంది ముందు.

(రెనీటా లేచి వేదికవైపు రాబోతుంది)

రావద్దమ్మా, అక్కడే ఉండు, నేనే వస్తాను. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. రెవరెండ్ గారూ, మైకు తీసుకోండి. నా తమ్ముడి కూతురు చేతులు చాచి నిలబడింది, నేను దిగాలి. సెలవు.